శేషాన్ని మింగేసే భాగహారం

డబ్బు లెక్కలకు ఫ్లోట్ వాడొద్దు, న్యూమరిక్ వాడండి, ఇక లెక్క తప్పదు. డేటాబేస్‌ల మీద పనిచేసేవాళ్లు వృత్తిలో అడుగుపెట్టిన తొలినాళ్లలోనే ఈ మాట వింటారు, ఇంటర్వ్యూల్లో అప్పజెబుతారు, తర్వాత తమ కింద చేరినవాళ్లకు అదే నేర్పుతారు. మాటలో నిజం లేకపోలేదు. ముందు ఆ నిజమెంతో చెప్పుకోవాలి. ఫ్లోట్ సంఖ్యలను 2 ఆధారంగా దాచుకుంటుంది. పది పైసలను, అంటే 0.1ని, ఆ పద్ధతిలో కచ్చితంగా రాయడం కుదరదు. అందుకే 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. న్యూమరిక్ అలా కాదు. మనం కాగితం మీద రాసుకునే దశాంశ అంకెలనే అది దాచుకుంటుంది. పోస్ట్‌గ్రెస్ న్యూమరిక్‌లో దశాంశ బిందువుకు ముందు 131072 అంకెలకు, తర్వాత 16383 అంకెలకు చోటుంది. ఆ చోటు దాటనంత కాలం రూపాయి పైసలను కూడినా, తీసేసినా, హెచ్చవేసినా ఒక్క అంకె కూడా పోదు. ఇంతవరకు ఆ సలహాతో నాకు పేచీ లేదు.

పేచీ అంతా "ఇక లెక్క తప్పదు" అన్న తోకతోనే. చతుర్విధ ప్రక్రియల్లో మూడింటికి వర్తించే హామీని నాలుగోదానికి చడీచప్పుడు లేకుండా తగిలించేశారు. పోస్ట్‌గ్రెస్ మాన్యువల్ రాసినవాళ్లకు ఈ సంగతి తెలుసు. న్యూమరిక్ లెక్కలు వీలైన చోట కచ్చితమైన ఫలితాన్నిస్తాయని చెబుతూ, ఉదాహరణకు కూడిక, తీసివేత, గుణకారం అని రాసి వాళ్లు అక్కడితో ఆపేశారు. భాగహారం ఆ వరసలో లేదు. మాన్యువల్ పాటించిన ఆ జాగ్రత్త సలహాదారుల నోట మాయమైంది. డేటాబేస్‌లో భాగహారమంటే ఎక్కడ ఆగాలి, మిగిలింది ఎవరికి చెందాలి అని ఎవరో ఒకరు తీసుకునే నిర్ణయం. ఆ నిర్ణయాన్ని న్యూమరిక్ అన్న పేరు చూసి నిశ్చింతగా యంత్రానికి వదిలేయడం తప్పని నా వాదన. ప్రచారంలో ఉన్న వాదాన్ని ఒక్కో మెట్టుగా చూద్దాం.

1. "అంకెలకు పరిమితి లేదు కాబట్టి ఫలితం కచ్చితం"

ఎన్ని అంకెలైనా దాచగలగడం వేరు, లెక్క తెగడం వేరు. ఒక భిన్నాన్ని కనిష్ఠ రూపంలో రాసినప్పుడు దాని హారానికి 2, 5 తప్ప వేరే ప్రధాన కారణాంకం ఉంటే ఆ భిన్నం దశాంశంగా ఎప్పటికీ ముగియదు. ఇది పదో తరగతి వాస్తవ సంఖ్యల పాఠం. 1 నుంచి 100 వరకు హారాలు తీసుకుంటే 1, 2, 4, 5, 8, 10 అంటూ ఈ షరతుకు లొంగేవి పదిహేనే. మిగిలిన 85 హారాలకు 16383 స్థానాలు కాదు కదా, పదహారు లక్షల స్థానాలిచ్చినా 1ని భాగించడం పూర్తికాదు. ఫ్లోట్‌కు 0.1తో ఉన్న ఇబ్బందే న్యూమరిక్‌కు మూడో వంతుతో ఉంది. ఆధారం 2 నుంచి 10కి మారింది, జబ్బు కొన్ని సంఖ్యలను వదిలింది, మిగిలినవాటిని పట్టుకునే ఉంది.

ఆ పట్టుకున్న సంఖ్యలు ఎక్కడో అరుదుగా తారసపడేవైతే ఈ వ్యాసం అక్కర్లేదు. కానీ క్యాలెండర్ చూడండి. సంవత్సరానికి 12 నెలలు, అందులో 3 ఉంది. నెలకు 30 రోజులు, మళ్లీ 3. వారానికి 7. సంవత్సరానికి 365 రోజులు, అంటే 5 ఇంటు 73. లీపు సంవత్సరంలో 366, అందులో 3, 61 ఉన్నాయి. కాలాన్ని కొలిచే భాజకాల్లో దాదాపు ఏదీ పదికి లొంగదు. మన దేశంలో 2010 ఏప్రిల్ 1 నుంచి పొదుపు ఖాతాల వడ్డీని రోజువారీ నిల్వ మీద లెక్కిస్తున్నారు, అంటే ప్రతి ఖాతా లెక్కలోనూ ఆ 73 తిష్ఠ వేసుకుంది. పన్నులు చూడండి. జీఎస్‌టీ కలిపిన ధర నుంచి అసలు విలువ తీయాలంటే 18 శాతానికి 1.18తో భాగించాలి. అది 59లో 50 వంతుల లెక్క, 58 అంకెల చక్రం తిరిగి తిరిగి వస్తూనే ఉంటుంది. 5 శాతానికి హారం 21, 40 శాతానికి హారం 7. ఒక్క 28 శాతమే బుద్ధిమంతురాలు. 1ని 1.28తో భాగిస్తే 0.78125, అక్కడితో సరి. 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా వస్తువుల మీద ఆ శ్లాబు కాస్తా పోయింది. పన్ను తగ్గినందుకు సంతోషించాల్సిందే గానీ, భాగహారానికి ఉన్న ఒక్క ఊరటా దాంతోపాటే పోయింది.

2. "ఎక్కడ ఆపాలో డేటాబేస్‌కు తెలుసు"

లెక్క తెగనప్పుడు ఎక్కడో ఒకచోట ఆపాలి. ఎక్కడ ఆపాలన్నది గణితం చెప్పదు. ఎస్‌క్యూఎల్ ప్రమాణమూ చెప్పదు, భాగహార ఫలితానికి ఎన్ని అంకెలుండాలో ఆ డేటాబేస్ తయారుచేసేవారి ఇష్టమని 1992 నాటి ప్రమాణమే వదిలేసింది. ఇక ఎవరి ఇష్టం వాళ్లదే. మైఎస్‌క్యూఎల్ మొదటి సంఖ్యకున్న దశాంశ స్థానాలకు ఇంకో నాలుగు కలిపి ఆపేస్తుంది, ఆ నాలుగూ ఒక సెట్టింగు విలువ మాత్రమే. కాబట్టి 1ని 7తో భాగిస్తే అక్కడ 0.1429. ఎవరో ఆ సెట్టింగును 12కి మార్చి ఉంటే అదే క్వెరీకి 0.142857142857. క్వెరీ చదివి ఫలితం ఎలా ఉంటుందో చెప్పలేం, సర్వర్ సెట్టింగులు కూడా చదవాలి.

పోస్ట్‌గ్రెస్ కనీసం 16 సార్థక అంకెలు ఇవ్వాలని చూస్తుంది. లోపల సంఖ్యలను నాలుగేసి అంకెల కట్టలుగా, అంటే 10000 ఆధారంగా దాచుకుంటుంది కాబట్టి, భాగఫలం ఎంత ఉండొచ్చో కూడా ఆ కట్టల్లోనే అంచనా వేస్తుంది. ఫలితంగా 2ని 3తో భాగిస్తే 20 దశాంశ స్థానాలు వస్తాయి, 4ని 3తో భాగిస్తే 16 వస్తాయి, లక్షను 3తో భాగిస్తే 12 వస్తాయి. సంఖ్య పెరిగేకొద్దీ దశాంశాలు తరుగుతాయి. ఒకటి పక్కన 21 సున్నాలున్న సంఖ్యను 3తో భాగిస్తే దశాంశ బిందువు తర్వాత ఏమీ మిగలదు. ఇంకో నియమం కూడా ఉంది. ఇచ్చిన సంఖ్యలకున్న స్థానాలకంటే ఫలితానికి తక్కువ స్థానాలుండకూడదు. చూడటానికి సహేతుకమైన నియమమే. కానీ దాని పర్యవసానం చూడండి: 1నీ, దశాంశ బిందువు తర్వాత 30 సున్నాలు పెట్టి రాసిన 1నీ పోల్చమంటే పోస్ట్‌గ్రెస్ రెండూ సమానమంటుంది. రెండింటినీ 3తో భాగించి పోల్చమంటే సమానం కాదంటుంది, ఎందుకంటే ఒకదానికి 20 మూడ్లు, రెండోదానికి 30 మూడ్లు వచ్చాయి. సమానమైన వాటిని ఒకే సంఖ్యతో భాగిస్తే వచ్చేవి సమానం అన్నది బీజగణితంలో తొలి మెట్టు. ఆ మెట్టే ఇక్కడ లేదు. దీన్ని కచ్చితత్వం అనడానికి నోరెలా వస్తుంది?

అన్నింటికంటే విడ్డూరం ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఉంది. అక్కడ న్యూమరిక్‌కే మరో పేరు డెసిమల్, దానికి గరిష్ఠంగా 38 అంకెలు. భాగహార ఫలితానికి ఎన్ని అంకెలో ఒక సూత్రంతో తేలుస్తారు. మొత్తం 38 దాటితే పూర్ణాంక భాగానికి చోటు మిగల్చడం కోసం దశాంశ భాగాన్ని కోసేస్తారు, 6 స్థానాల దాకా. డెసిమల్(10,2)ను మరో డెసిమల్(10,2)తో భాగిస్తే 13 దశాంశ స్థానాలు వస్తాయి. "ఎందుకైనా మంచిది, పెద్దది పెట్టుకుందాం" అని డెసిమల్(38,10) పెట్టుకుని అదే పని చేస్తే 6 స్థానాలే వస్తాయి. జాగ్రత్తపడ్డవాడికే కోత! ఆ ఆరు స్థానాలకు వెల ఎంతో లెక్కకట్టవచ్చు. లక్ష రూపాయల మీద 7 శాతం వడ్డీ 91 రోజులకు కావాలి. 7ని 36500తో ముందు భాగించి, వచ్చినదాన్ని అసలుతో, రోజులతో హెచ్చవేశారనుకుందాం. రెండు కాలమ్‌లూ డెసిమల్(38,10) అయితే రోజుకు రేటు 0.000191 దగ్గరో 0.000192 దగ్గరో ఆగిపోతుంది. మొదటిదైతే వడ్డీ 1738.10, రెండోదైతే 1747.20. నిజమైన వడ్డీ 1745.21. ఒక్క ఖాతా మీద, ఒక్క త్రైమాసికంలో తేడా పైసల్లో కాదు, రూపాయల్లో. ఇందులో ఫ్లోట్ చెయ్యి ఎక్కడా లేదు. హెచ్చవేతలన్నీ ముందు చేసి భాగహారాన్ని చివరికి పెట్టి ఉంటే ఈ నష్టం రాదు. కానీ న్యూమరిక్ వాడితే చాలనుకున్నవాడికి ఏది ముందు, ఏది వెనక అన్న ఆలోచనే రాదు.

3. "పదహారు అంకెలు చాలవా? డబ్బుకు రెండే స్థానాలు కదా"

ప్రచారంలో ఉన్న వాదానికి ఇది అన్నింటికంటే బలమైన సమర్థన. తెర మీద చూపించే నివేదికకు పదహారు అంకెలు చాలు, ఆ మాట ఒప్పుకుంటాను. చిక్కల్లా ఆ ఫలితాన్ని చూసి ఊరుకోకుండా దాని మీద ఇంకో లెక్క నడిపినప్పుడు వస్తుంది. ఆ లెక్క ఫ్లోర్, ట్రంక్, సమానమా కాదా, ఎక్కువా తక్కువా అన్న రకానిదైతే సూక్ష్మమైన తేడా సూక్ష్మంగా మిగలదు, అవునుకూ కాదుకూ మధ్య తేడాగా మారుతుంది. 21 తొమ్మిదులున్న సంఖ్యను, ఒకటి పక్కన 21 సున్నాలున్న సంఖ్యతో పోస్ట్‌గ్రెస్‌లో భాగించండి. అసలు ఫలితం 1కి రవ్వంత తక్కువ. డేటాబేస్ ఇచ్చేది 1, దాని వెనక 20 సున్నాలు. పూర్ణాంక భాగం ఎంత అని అడిగితే నిజం 0, వచ్చే జవాబు 1. ఇరవయ్యో స్థానంలో రౌండింగ్ వల్ల వచ్చిన తప్పు ఒకట్ల స్థానానికి ఎక్కింది.

ఇంత పెద్ద సంఖ్యలు డబ్బులో ఎక్కడొస్తాయని అడగవచ్చు. 12345678901234567890ని తీసుకుందాం, 20 అంకెలు. ఈథర్ అనే క్రిప్టోకరెన్సీని దాని అతి చిన్న ప్రమాణమైన వెయ్‌లలో లెక్కిస్తారు. ఒక ఈథర్ అంటే ఒకటి పక్కన 18 సున్నాలు పెడితే వచ్చేటన్ని వెయ్‌లు కాబట్టి, ఈ సంఖ్య పన్నెండు ఈథర్లకు కాస్త ఎక్కువ, అంతే. దాన్ని 123 మందికి పంచాలి. పోస్ట్‌గ్రెస్‌లో ఏటవాలు గీత పెట్టి భాగిస్తే 100371373180768845 వస్తుంది, దశాంశాలు లేకుండా, చక్కగా పూర్ణాంకంలా కనిపిస్తూ. ట్రంక్ వేసినా అదే. కానీ నిజమైన భాగఫలం 100371373180768844, శేషం 78. డేటాబేస్ పైకి రౌండ్ చేసింది. 845తో ముగిసే ఆ సంఖ్య చొప్పున 123 మందికీ ఇస్తే చేతిలో ఉన్నదానికంటే 45 వెయ్‌లు ఎక్కువ పంచినట్టు. లేని సొమ్ము పుట్టింది. అదే పోస్ట్‌గ్రెస్‌లో డివ్ అనే ఫంక్షన్ ఉంది, దాన్ని అడిగితే 844 అనే చెబుతుంది. మాడ్‌ను అడిగితే 78 అంటుంది. అంటే సరైన జవాబు యంత్రానికి తెలుసు. గీతకు, ఫంక్షన్‌కు తేడా తెలియనిది "ఇక లెక్క తప్పదు" అని నమ్మినవాళ్లకే.

4. "చివర్లో పైసలకు రౌండ్ చేస్తే అన్నీ సర్దుకుంటాయి"

సర్దుకోవు. ఈ నమ్మకంలో రెండు వేర్వేరు తప్పులున్నాయి. మొదటిది రెండుసార్లు రౌండ్ చేయడం. 39ని 269తో భాగిస్తే 0.14498 దగ్గర ఉంటుంది. నేరుగా పైసలకు తెస్తే 14 పైసలు. దాన్ని ముందు నాలుగు స్థానాల కాలమ్‌లో దాచుకుంటే 0.1450 అవుతుంది. తర్వాత దాన్నే పైసలకు తెస్తే 15. రెండు అడుగుల్లో ప్రతిదీ నియమం ప్రకారమే పడింది, చేరిన చోటు మాత్రం తప్పు. మధ్యలో ఎన్ని స్థానాలు పెట్టుకున్నా ఈ గుంట పూడదు, లోతుకు జరుగుతుంది అంతే.

రెండోది ఇంకా లోతైనది, ఎందుకంటే దానికి అంకెల కొరతతో సంబంధమే లేదు. 18 శాతం జీఎస్‌టీ కలిపి సరిగ్గా 100 రూపాయల బిల్లు. అసలు విలువ 84.745762 పైచిలుకు, పైసలకు 84.75. కేంద్ర పన్ను 9 శాతం, 7.627118 పైచిలుకు, పైసలకు 7.63. రాష్ట్ర పన్నూ అంతే, 7.63. మూడూ కూడండి: 100.01. కొన్నవాడు ఇచ్చింది వంద, బిల్లు మీద మొత్తం వందా ఒక పైసా. ఇక్కడ డేటాబేస్ ఏ అంకెనూ పోగొట్టలేదు. అనంతమైన అంకెలతో లెక్కవేసి చివర్లో ఒక్కసారే రౌండ్ చేసినా వచ్చేది ఇదే. ఇప్పుడు అసలు విలువ 84.74 అని పెట్టి చూడండి. దాని మీద 9 శాతం 7.6266, పైసలకు 7.63. రెండు పన్నులూ కలిపి 15.26, మొత్తం సరిగ్గా 100. అంటే భాగహారం ఇచ్చిన "సరైన" 84.75తో బిల్లు తప్పింది, భాగహారం దృష్టిలో తప్పైన 84.74తో బిల్లు సరిపోయింది. ఏ భాగం ఆ పైసాను భరించాలన్న ప్రశ్నకు జవాబు అంకెల్లో దొరకదు, వ్యాపార నియమంలో దొరుకుతుంది. కట్టాల్సిన పన్ను మొత్తాన్ని దగ్గరి రూపాయికి సవరించాలని, 50 పైసలు ఆపైన ఉంటే రూపాయిగా లెక్కించాలని సీజీఎస్‌టీ చట్టం 170వ సెక్షన్ విడిగా చెప్పడానికి కారణం కూడా ఇదే. చట్టం చేసినవాళ్లు రౌండింగ్‌ను లెక్కల మాస్టారికి వదల్లేదు. మనం మాత్రం దాన్ని సర్వర్‌కు వదిలేస్తున్నాం.

చిన్న తేడాలే కదా, ఒకటి పైకి పోతే ఇంకొకటి కిందికి వచ్చి చెల్లుకు చెల్లు అవుతాయని ఓదార్చేవాళ్లకు వాంకూవర్ స్టాక్ ఎక్స్ఛేంజి కథ చెప్పాలి. 1982లో 1000 దగ్గర మొదలైన అక్కడి సూచీని ప్రతి లావాదేవీ తర్వాత తిరిగి లెక్కించి, మూడు దశాంశ స్థానాల తర్వాత ఉన్నదాన్ని కోసేసేవారు. అన్ని కోతలూ ఒకే వైపు, కిందికి. మార్కెట్ పడిపోకుండానే 1983 నవంబరు నాటికి సూచీ 520ల్లోకి జారింది. తిరిగి సరిగ్గా లెక్కిస్తే 1098 దాటింది. సగానికి పైగా విలువ మూడో దశాంశం అవతల రాలిపోయింది. తేడాలు చెల్లు కావాలంటే అవి రెండు వైపులా సమానంగా పడాలి. పడతాయన్న హామీ ఎవరిచ్చారు?

5. "తేడా వస్తే డేటాబేస్ చెబుతుంది"

చెప్పదు. నా ఫిర్యాదుల్లో ఇది అన్నింటికంటే పెద్దది. తెగని భాగహారాన్ని తెగినట్టు ఎవరు నటించినా తప్పే, కానీ కొందరు నటించరు. జావాలో బిగ్‌డెసిమల్‌ను ఎన్ని స్థానాలో చెప్పకుండా 1ని 3తో భాగించమంటే పని ఆపేసి, దీనికి కచ్చితమైన దశాంశ ఫలితం లేదని ఎర్రర్ విసురుతుంది. పైథాన్ డెసిమల్ మామూలుగా 28 అంకెల దగ్గర ఆగుతుంది గానీ, ఫలితం కచ్చితం కాదని ఒక జెండా ఎత్తి పెడుతుంది. కావాలంటే ఆ జెండానే ఎర్రర్‌గా మార్చుకోవచ్చు. అందరూ తిట్టిపోసే ఫ్లోట్ ప్రమాణంలో కూడా అలాంటి జెండా ఉంది. న్యూమరిక్ ఇచ్చే 0.33333333333333333333కు, నిజంగానే 20 మూడ్లున్న సంఖ్యకు మధ్య తేడా చెప్పే గుర్తు పోస్ట్‌గ్రెస్‌లో ఏదీ లేదు. ఒకటి ముక్కలైన సంఖ్య, ఒకటి పూర్తి సంఖ్య, టేబుల్‌లోకి చేరాక రెండూ ఒకటే.

అసలు వెటకారం ఎక్కడంటే, డబుల్ ప్రెసిషన్ ఫ్లోట్‌లో 1ని 3తో భాగించి తిరిగి 3తో హెచ్చవేస్తే సరిగ్గా 1 వస్తుంది. న్యూమరిక్‌లో 0.99999999999999999999 వస్తుంది. ఇది ఫ్లోట్ గొప్పతనం కాదు. 3 బదులు 49 పెట్టి చూస్తే ఫ్లోట్ కూడా 1 దగ్గరికి చేరదు. నేను ఫ్లోట్‌ను వెనకేసుకు రావడం లేదు. కచ్చితత్వం రకం పేరులో ఉందనుకునేవాళ్లు ఈ ఒక్క పరీక్షకు ఏం జవాబు చెబుతారని మాత్రమే అడుగుతున్నాను. పైగా భాగహారం ఎప్పుడూ గీత రూపంలో కనబడదు. ఏవీజీ అంటే భాగహారమే. 1, 2, 2ల సగటు పోస్ట్‌గ్రెస్‌లో 1.6666666666666667. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఆ కాలమ్ పూర్ణాంకమైతే సగటు 1. మూడింట రెండు వంతులు ఎటు పోయాయో చెప్పే దిక్కు లేదు.

6. "మరైతే ఏం చేయమంటారు?"

స్కూల్లో నేర్పిన భాగహారాన్ని తిరిగి తెచ్చుకోమంటాను. విభాజ్యం అంటే భాజకం ఇంటు భాగఫలం, దానికి శేషం కలపాలి. ఆ సమీకరణంలో ఉజ్జాయింపు ఎక్కడా లేదు. భాగహారానికి జవాబు రెండు సంఖ్యలు. గీత వాటిలో ఒకదాన్నే ఇచ్చి, రెండోదాన్ని మింగి, ఆ లోటు కనబడకుండా వెనక దశాంశాలు అతికిస్తుంది. వంద రూపాయలను ముగ్గురికి పంచాలంటే 10000 పైసలకు డివ్ అడగండి, 3333 వస్తుంది. మాడ్ అడగండి, 1 వస్తుంది. ఆ ఒక్క పైసా మొదటివాడిదా, పెద్ద వాటాదారుడిదా, సంస్థదా అని రాతపూర్వకంగా తేల్చండి. కూడితే 10000 కావాలి, కాకపోతే లావాదేవీ ఆగిపోవాలి. రౌండ్ చేయాల్సిందే అయితే అదీ పూర్ణాంకాలతోనే చేయవచ్చు. ధన సంఖ్యలకు విభాజ్యాన్ని రెట్టించి భాజకం కలిపి, దాన్ని రెట్టింపు భాజకంతో డివ్ చేస్తే సగం ఆపైన ఉన్నది పైకి వెళ్తుంది, మధ్యలో రెండోసారి రౌండ్ కావడమన్నది ఉండదు. 3900 పైసలను 269తో ఇలా భాగిస్తే 14 వస్తుంది, 15 కాదు. రెండు నిష్పత్తులను పోల్చాలంటే అసలు భాగించకండి, అడ్డ గుణకారం చేయండి. గుణకారం విషయంలో న్యూమరిక్ తన మాట నిలబెట్టుకుంటుంది.

దీనికి మూడు అభ్యంతరాలు వస్తాయి. భిన్నాలను భిన్నాలుగానే, లవమూ హారమూగా దాచుకోవచ్చు కదా అన్నది ఒకటి. కొన్ని చోట్ల దాచుకోవచ్చు. కానీ హారాలు పెరిగే వేగం భయపెడుతుంది: 1, సగం, మూడో వంతు అంటూ ఇరవయ్యో వంతు దాకా కూడితేనే హారం 15519504. లక్ష వరసల టేబుల్‌కు అది పనికిరాదు. రెండోది, ప్రతి భాగహారానికీ ఇంత తతంగమైతే నివేదికలు రాయలేమని. నివేదికలకు అక్కర్లేదు. ఫలితం తెర దాటి ఖాతాలోకో, బిల్లులోకో, షరతులోకో వెళ్లే చోటనే కావాలి, అలాంటి చోట్లు ఏ వ్యవస్థలోనైనా పరిమితంగానే ఉంటాయి. మూడోది, ఎర్రర్లు విసిరితే నడుస్తున్న క్వెరీలన్నీ ఆగిపోతాయని. ఆగమనడం లేదు. జెండా ఎత్తమంటున్నాను. కచ్చితం కాని భాగహారం జరిగిందని సెషన్‌కు చెప్పే వీలు డేటాబేస్‌లు తయారుచేసేవాళ్లు ఇవ్వాలి. అది ఐచ్ఛికమే కావచ్చు, కానీ ఉండాలి. ఫ్లోట్ ప్రమాణం 1985 నుంచి ఇస్తున్న సదుపాయాన్ని కచ్చితత్వం పేరుతో అమ్ముడయ్యే రకం ఇవ్వకపోవడానికి సాకు లేదు.

ఆ సదుపాయం వచ్చేదాకా పని మన మీదే ఉంది. మీ కోడ్‌లో, వ్యూలలో, స్టోర్డ్ ప్రొసీజర్లలో ఉన్న ప్రతి ఏటవాలు గీతనూ, ప్రతి ఏవీజీనీ వెతికి బయటికి తీయండి. ఒక్కోదాని పక్కన మూడు సంగతులు రాసి ఉన్నాయో లేదో చూడండి: ఎన్ని స్థానాల దగ్గర ఆగుతుంది, ఏ వైపుకు రౌండ్ అవుతుంది, శేషం ఎవరి ఖాతాలో పడుతుంది. రాసి లేకపోతే ఆ వరస న్యూమరిక్‌లో ఉన్నా సరే, దాన్ని డబ్బు దగ్గరికి రానివ్వకండి.